పార్కు జాగా, లాభం లెక్క, రెండో శీలం



ఈ చిన్న పుస్తకాల్లో ఇంతవరకూ త్రిశరణాల గురించి, అష్టాంగ మార్గం గురించి, బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల గురించి చదువుకున్నాం. ఈసారి నేను ప్లాట్ల గురించి, పార్కుల గురించి రాస్తున్నాను. "రిటైరయ్యాక మాస్టారికి రియల్ ఎస్టేట్ పిచ్చి పట్టిందా?" అనుకోకండి. పంచశీలలో రెండోదాన్ని ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం వందనలో పలుకుతున్నాను. దాని అర్థం మాత్రం ఒక లేఅవుట్ దగ్గర నిలబడ్డప్పుడే నాకు సరిగ్గా తెలిసింది. అది మీతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

రాజమహేంద్రవరం నుంచి ఇవాళ ఏ దిక్కుకి బయల్దేరినా వెంచర్ల జెండాలే. రాజానగరం వైపు వెళ్లండి, దివాన్‌చెరువు వైపు వెళ్లండి, కాతేరు, కోలమూరు, హుకుంపేట ఎటైనా వెళ్లండి. నిన్నటిదాకా వరి పండిన చేలో ఇవాళ గ్రావెల్ తోలి, రాళ్లు పాతి, రోడ్డు మొగలో ఆర్చి కట్టేస్తున్నారు. ఒకటి గమనించారా? ఆ లేఅవుట్లలో చాలావాటి గోడ అవతల మన పేట ఉంటుంది. ఇందులో వింతేం లేదు. పూర్వం మనల్ని ఊరి చివరికి నెట్టారు. ఇప్పుడు పట్నం పెరిగి పెరిగి ఆ చివరికే వచ్చింది. మనం ఉన్నచోటే ఉన్నాం, మన పక్క జాగాకి ధర వచ్చింది.

మా పేట పక్కనా అలాగే ఒక వెంచర్ పడింది. సుమారు 5 ఎకరాలు. ఆ నేలలో ఒక పెద్ద రావిచెట్టు, రెండు వేపచెట్లు, గట్టు మీద వరసగా కానుగలు ఉండేవి. మా అమ్మానాన్నలు కోతలకి వెళ్లినప్పుడు ఆ రావిచెట్టు కిందే గంజి తాగేవారు. మా పిల్లలు బడి సెలవుల్లో ఆడుకున్నదీ అక్కడే. ఒకరోజు పొద్దున్నే పొక్లెయినర్ వచ్చింది. కానుగలు మూడు పడిపోయాక మా కుర్రాళ్లు వెళ్లి అడ్డం నిలబడ్డారు.

సాయంత్రం విహారంలో కూర్చున్నాం. విహారం అంటే పెద్దగా ఊహించుకోకండి, అద్దెకి తీసుకున్న రేకుల షెడ్డు. కొందరు ధర్నా అన్నారు, కొందరు కలెక్టరు ఆఫీసుకి పోదామన్నారు. అప్పుడు ఒక తమ్ముడు లేచాడు. వేరే వెంచర్‌లో ప్లాట్లు అమ్మిపెట్టే పని చేస్తాడు.

"మాస్టారూ, ధర్నా ఎలాగూ ఉంది. ముందు ఆయన భాషలో ఆయనతో మాట్లాడదాం. ఆయనకి తెలిసిన భాష లెక్క. చెట్లుంటే ప్లాటు రేటు పెరుగుద్దని నేను రోజూ కస్టమర్లకి చెప్తానే ఉంటాను. అదే ఆయనకీ చెప్దాం" అన్నాడు.

అని ఊరుకోలేదు. "కానీ నాకో అనుమానం అండి. లాభం ఆశ చూపించి చెట్టుని బతికించుకుంటే అది ధమ్మమేనా? లోభం తప్పని తథాగతుడు చెప్పాడు కదా. మనం ఆయన లోభానికి నీళ్లు పోసినట్టు కాదా?" అని అడిగాడు.

ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబే.

మొదట, మేం వేసిన లెక్క

మన రాష్ట్రంలో లేఅవుట్ వేసేవాళ్లు మొత్తం జాగాలో 10 శాతం ఖాళీ స్థలంగా, పార్కు కోసం వదలాలి. 2017 లేఅవుట్ రూల్స్‌లో ఉన్నదే ఇది. రోడ్లతో పాటు ఆ ఖాళీ జాగాని కూడా పంచాయతీకో మునిసిపాలిటీకో గిఫ్ట్ డీడ్ చేసి, అంటే దాన దస్తావేజు రిజిస్టరు చేసి ఇచ్చెయ్యాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతో పని ఉంది.

5 ఎకరాలంటే 24,200 గజాలు. అందులో 10 శాతం 2,420 గజాలు. రోడ్లకి 30 శాతం పోయిందనుకుంటే అమ్ముకోడానికి మిగిలేది 14,520 గజాలు. గజం 10,000 రూపాయలని ఊహకి అనుకుందాం. ఆ వెంచరు యజమాని మాతో అన్న మొదటి మాట ఇది: "మాస్టారూ, రెండుకోట్ల నలభై లక్షల జాగా ఊరికే వదిలేశానండి. ఇంకా దాంట్లో మొక్కలకీ నన్నే ఖర్చు పెట్టమంటారా?"

మా తమ్ముడు నెమ్మదిగా చెప్పాడు. "అది వదిలితేనే కదండీ మీకు అప్రూవల్ వచ్చింది. అమ్మే హక్కు లేనిదాన్ని నష్టం ఖాతాలో రాసుకోకూడదు. తుప్పలు, చెత్త ఉన్న ఖాళీ జాగా మంచిదా, నీడ ఉన్న పార్కు మంచిదా అన్నదొక్కటే మీ ముందున్న లెక్క."

తర్వాత కాగితం మీద వేసి చూపించాడు. మొక్కలు, కంచె, బోరు, రెండేళ్లపాటు ఒక తోటమాలి జీతం కలిపి 10 లక్షలు అనుకుందాం. మంచి పార్కు కనబడితే గజానికి 300 రూపాయలు, అంటే నూటికి మూడు రూపాయలు ఎక్కువ పలికినా, 14,520 గజాల మీద 43,56,000 రూపాయలు. 4 కోట్లు అప్పు తెచ్చి పెట్టాడనుకుంటే, నూటికి రూపాయి వడ్డీ లెక్కన నెలకి 4 లక్షలు. ప్లాట్లు రెండు నెలలు ముందు అమ్ముడైతే ఇంకో 8 లక్షలు మిగులు. ఇక పెరిగిన చెట్టు సంగతి. కొనేవాడు వెంచర్ చూడ్డానికి మే నెలలో వస్తే ఎక్కడ నిలబడతాడు? కడియం నుంచి మొక్క తెచ్చి నాటితే నీడకి పదేళ్లు పైన పడుతుంది. రావిచెట్టు ఇవాళే నీడ ఇస్తోంది, దానికి పైసా ఖర్చు లేదు.

ఇంకోటి నీళ్ల సంగతి. మనది రేగడి నేల. చేలకి మూడడుగులు గ్రావెల్ పోసి మెరక చేస్తే వాన నీళ్లన్నీ పల్లంలో ఉన్న మన పేటలోకే దిగుతాయి. కొన్నాళ్లకి నీళ్లు నిలబడి వాళ్ల రోడ్లూ పగులుతాయి. పార్కు జాగా ఒక్కటి మెరక చేయకుండా పల్లంగా ఉంచి, చుట్టూ చెట్లు పెంచితే నీళ్లు అక్కడ ఇంకుతాయి. రోడ్డు నిలుస్తుంది, పేట మునగదు.

ఈ లెక్క కొత్తదేం కాదు. ఇంగ్లండులో లివర్‌పూల్ ఎదురుగా బర్కన్‌హెడ్ అనే ఊరుంది. అక్కడి పాలకులు 226 ఎకరాలు కొని, 125 ఎకరాలు ప్రజల పార్కుగా ఉంచి, మిగతాది చుట్టూ ఇళ్ల స్థలాలుగా అమ్మారు. పార్కు పక్కన కాబట్టి వాటికి మంచి ధర వచ్చింది. 1847లో ఆ పార్కు తెరిచారు. దాన్ని చూసొచ్చిన ఓమ్‌స్టెడ్ అనే ఆయనే తర్వాత న్యూయార్క్‌లో సెంట్రల్ పార్కు రూపకల్పనలో పాలుపంచుకున్నాడు. చుట్టుపక్కల ఆస్తుల విలువ ఎంత పెరిగిందో లెక్కలు కట్టి పార్కు ఖర్చుని సమర్థించుకున్నాడు. అమెరికాలో జాన్ క్రాంప్టన్ అనే ప్రొఫెసర్ 2001లో ఇలాంటి 30 అధ్యయనాలు పరిశీలించి, 25 అధ్యయనాల్లో పార్కు పక్కన ఆస్తి విలువ పెరిగినట్టు తేలిందని రాశాడు. పార్కుకి ఆనుకుని ఉన్న ఇంటికి 20 శాతం దాకా ఎక్కువ రావచ్చని ఆయన అంచనా. అది అమెరికా ఊళ్ల లెక్క, మన కోలమూరుకి అచ్చంగా దించెయ్యకూడదు. అందుకే మేం 3 శాతమే వేసుకున్నాం.

లోభానికి నీళ్లు పోయడమా?

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి వస్తాను. ఉపాసకుడు చేయకూడని వ్యాపారాలు తథాగతుడు అయిదు చెప్పాడు. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. నేల అమ్మడం అందులో లేదు. నువ్వు చేసే పని తప్పు కాదు తమ్ముడూ. కాని పార్కు లేనిచోట బ్రోచర్‌లో పార్కు బొమ్మ వేస్తే, 3 శాతాన్ని 30 శాతం అని చెప్తే, అక్కడ నాలుగో శీలం తప్పుతుంది. లెక్క నిజమైనదైతే, చెప్పేవాడి మనసులో మేలు ఉంటే, లాభం గురించి మాట్లాడ్డం కూడా సమ్యక్ వాక్కే.

దీనికి మన చరిత్రలోనే పెద్ద సాక్ష్యం ఉంది. అనాథపిండికుడు శ్రావస్తిలో బుద్ధుడికీ సంఘానికీ ఒక స్థలం కావాలని వెతికాడు. జేత రాకుమారుడి తోట నచ్చింది. రాకుమారుడు అమ్మనన్నాడు. నేలంతా నాణేలు పరిచినా ఇవ్వనన్నట్టు ఒక మాట విసిరాడు. ధర మాట నోట్లోంచి వచ్చింది కాబట్టి బేరం కుదిరినట్టేనని పెద్దమనుషులు తీర్పు చెప్పారు. అనాథపిండికుడు బళ్లతో బంగారు నాణేలు తెప్పించి నేల మీద పరిపించాడు. గుమ్మం దగ్గర కొంచెం జాగా మిగిలిపోయింది. అప్పటికి జేతుడి మనసు మారింది. ఆ ముక్క నేనిస్తానని దానమిచ్చి, అక్కడ తనే ద్వారం కట్టించాడు. ఆ తోటే జేతవనం. వినయపిటకంలో ఉన్న కథ ఇది.

ఇందులో మనకి రెండు సంగతులున్నాయి. జేతుడితో మాట ధర దగ్గర మొదలైంది, దానం దగ్గర ముగిసింది. లాభం తలుపు లాంటిది. తలుపు తట్టడం తప్పు కాదు. కాని గుమ్మంలోనే జీవితమంతా నిలబడిపోకూడదు. ఇక రెండో సంగతి నాకు అప్పటికి తట్టలేదు. అది కాసేపట్లో చెప్తాను.

లెక్క మరీ బాగా పనిచేసింది

వెంచరు యజమాని తెలివైనవాడు. వారం తిరిగేసరికి కబురు పంపాడు. "మీ లెక్క బావుందండి. రావిచెట్టు, వేపలు ఉంచేస్తాను. ఇంకో మాట. పార్కు మూలలో 200 గజాలు మీ బుద్ధుడి గుడికి ఇచ్చేస్తాను. రావిచెట్టు పక్కనే, చక్కగా ఉంటుంది. పార్కు మిగతా జాగాలో క్లబ్ హౌస్ ఒకటి, రెండు ప్లాట్లు సర్దుకుంటాం. గేటు మెయిన్ రోడ్డు వైపు ఒక్కటే ఉంటుంది. మీరు మాత్రం పంచాయతీలో అర్జీలూ అవీ పెట్టకండి."

బంధువులారా, నిజం ఒప్పుకోవాలి. ఆ మాట విన్నప్పుడు నా గుండె ఒక్క గంతేసింది. రావిచెట్టు అంటే బోధివృక్షం. పదేళ్లుగా షెడ్డుకి అద్దె కట్టలేక చందాలు వసూలు చేస్తున్నాం. వానొస్తే బుద్ధుడి విగ్రహం మీద పాలిథిన్ కప్పుతాం. గజం పదివేల చోట 200 గజాలంటే 20 లక్షల జాగా. ఊరుకుంటే చాలు, వచ్చేస్తుంది.

కమిటీలో ముప్పావు మంది తీసుకుందామన్నారు. "ఊళ్లో పార్కు జాగాల్లో గుళ్లు లేవా? మనకొచ్చేసరికి నీతులా?" అని ఒకాయన గట్టిగా అడిగాడు. అందులో న్యాయం ఉంది. నాకూ నోట మాట రాలేదు.

అప్పుడు వెనకాల కూర్చున్న ఒక పెద్దమ్మ మాట్లాడింది. నలభై ఏళ్లు కడియం నర్సరీల్లో కూలికి వెళ్లిన మనిషి. "ఏరా అబ్బాయిలూ, నా జన్మంతా మొక్కలకి సంచులు కట్టాను, లారీలకెక్కించాను. హైదరాబాదంట, బెంగుళూరంట, ఎక్కడికో పోయేయి. వాటిల్లో ఒక్క చెట్టు నీడా నాది కాలేదు. ఈ రావిచెట్టొక్కటే నాకు తెలిసిన నీడ. బుద్ధుడు ఎక్కడ కూర్చున్నాడర్రా, గదిలోనా, చెట్టు కిందా? గదికోసం చెట్టు చుట్టూ ఉన్న నేల ఒదులుకుంటారా?" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పుడు తట్టింది జేతవనం కథలో రెండో సంగతి. బుద్ధుడి కోసం స్థలం కావాల్సి వచ్చినప్పుడు అనాథపిండికుడు ఊరుమ్మడి జాగాలో మూల ముక్క అడగలేదు. సొంతదారు దగ్గరికి వెళ్లి, ధర ఇచ్చి కొన్నాడు. మనకి ఇస్తానంటున్న 200 గజాలు ఎవరివి? వెంచరు యజమానివా?

ఇచ్చిందీ, ఇవ్వనిదీ

ఇక్కడ రెండో శీలం వచ్చింది. మనం దాన్ని తేలిగ్గా "దొంగతనం చేయను" అని చెప్పుకుంటాం. పాళీలో ఆ మాట "అదిన్నాదానం". అదిన్నం అంటే ఇవ్వనిది, ఆదానం అంటే తీసుకోవడం. గోడ దూకి తేవడం ఒక్కటే కాదు, నాకు ఇవ్వనిది నేను తీసుకుంటే అది అదిన్నాదానం.

ఇప్పుడు గిఫ్ట్ డీడ్ మాట గుర్తు చేసుకోండి. ఆ 2,420 గజాలు దాన దస్తావేజు మీద ఇచ్చేశారు. ఎవరికి? పంచాయతీ పేరున, ప్రజలకి. ఇచ్చినవాడికి ఇక దాని మీద హక్కు లేదు. ఇచ్చేసిన జాగాలో ప్లాట్లు వేసి అమ్మితే అది అదిన్నాదానం. తెలిసి కొన్నవాడిదీ అదే. ఆ జాగాలో ముక్క మనకి విహారానికి అని ఇస్తే, మనం తీసుకుంటే, మనదీ అదిన్నాదానమే. అతను ఇవ్వగలిగింది కాదు, మనం తీసుకోగలిగిందీ కాదు. ఆ జాగా ఇప్పటికే మనది. పేటలో పుట్టబోయే పిల్లలది కూడా. సొంత బిడ్డల సొత్తు ఎవరో కానుకగా ఇస్తే కళ్లకద్దుకుని తీసుకునే తండ్రి ఉంటాడా?

మంచి పని కోసం కదా అంటారు. సుప్రీంకోర్టు ముందుకి ఈ ప్రశ్న వచ్చింది. బెంగుళూరులో ఒక లేఅవుట్‌లో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ఒక ప్రైవేటు ట్రస్టుకి ఆస్పత్రి కట్టుకోమని ఇచ్చారు. అక్కడి నివాసులు కోర్టుకెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తీర్పిచ్చింది. బెంగుళూరు మెడికల్ ట్రస్ట్ కేసు అంటారు దాన్ని. ఆస్పత్రి మంచిదే, ప్రాణాలు నిలబెడుతుంది. అయినా పార్కు జాగాలో కూడదన్నారు. ఆస్పత్రికి కూడనిది విహారానికి కూడుతుందా?

మనవాళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. పార్కు జాగాలో బాబాసాహెబ్ విగ్రహం పెట్టి, దాని చుట్టూ షెడ్డు, షెడ్డు పక్కన షాపు వేసుకున్నవాళ్లు ఉన్నారు. వేరేవాళ్లు గుడి కడితే కబ్జా, మనం కడితే ఆత్మగౌరవం అనుకోవడం ధమ్మం కాదు. ఆయన విగ్రహం నీడన ఆయన మెచ్చని పని చేయకూడదు.

లెక్క ఎక్కడ ఆగిపోతుంది

లాభం లెక్కలో ఇంకో లోపం ఉంది. దాన్ని మన జనం బాగా తెలుసుకోవాలి. ఏ పార్కు ధర పెంచుతుంది? ప్రశాంతంగా, అందంగా, కిటికీలోంచి చూడ్డానికి బాగుండే పార్కు. పిల్లలు క్రికెట్ ఆడే పార్కు, గోలగా జనం వచ్చిపోయే పార్కు అంతగా పెంచదు. క్రాంప్టన్ పరిశీలనలోనూ ఈ తేడా ఉంది. అంటే ధర ఒక్కటే కొలబద్ద అయితే, పార్కుకి మన పిల్లలు నష్టం కింద లెక్క. గేటు మెయిన్ రోడ్డు వైపే ఎందుకు పెడతానన్నాడో ఇప్పుడు అర్థమైందా? లాభం లెక్క చెట్టుని లోపల ఉంచింది, మనల్ని బయట ఉంచింది.

సెంట్రల్ పార్కు గురించి గొప్పగా చెప్పుకుంటారు. ఆ పార్కు కట్టడానికి ముందు ఆ నేలలో సెనెకా విలేజ్ అని ఒక పల్లె ఉండేది. అందులో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. తమ సొంత డబ్బుతో స్థలాలు కొనుక్కుని, చర్చీలు, బడి కట్టుకున్నారు. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో నల్లవాళ్లకి ఓటు రావాలంటే ఆస్తి ఉండాలి. వాళ్లకి ఆ జాగా అంటే ఓటు కూడా. 1857 నాటికి పార్కు పేరుతో వాళ్లందరినీ ఖాళీ చేయించారు. చుట్టుపక్కల ఆస్తుల ధరలు పెరిగాయి, ఓమ్‌స్టెడ్ లెక్క నిజమైంది. పల్లె మాత్రం లేదు. పచ్చదనం దానంతటదే కరుణ కాదు. ఎవరికోసం, ఎవరిని తీసేసి అన్నది చూడాలి.

మన దగ్గర ఈ ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది. 2020 డిసెంబరు నుంచి పేదలకి ఇళ్ల పట్టాలిచ్చినప్పుడు పట్టణాల్లో 1 సెంటు, పల్లెల్లో సెంటున్నర ఇచ్చారు. సెంటంటే 48 గజాల పైచిలుకు. అందులో ఇల్లు కట్టాక చెట్టెక్కడ నాటుతాం? 200 గజాల ఇంటివాడికి పార్కు వాకింగ్‌కి. సెంటు జాగావాడికి అదే పెరడు, అదే అరుగు. 2015 మే నెల వడగాలులకి ఆంధ్ర, తెలంగాణల్లో రెండువేల మందికి పైగా చనిపోయారు. ఎండలో పని చేయక తప్పని కూలీలు, ముసలివాళ్లు అందులో ఎంతోమంది. వాళ్ల లెక్క ఏ వెంచరు కాగితం మీదా ఉండదు. నీడ వాళ్లకి ప్రాణం. దాని ధర గజాల్లో కొలవలేం.

మహద్ నుంచి గేటు దాకా

ఈ గేటు సంగతి బాబాసాహెబ్ ఎప్పుడో చూశారు. మహద్ చవదార్ చెరువు గుర్తుందా? ప్రజాధనంతో నడిచే చెరువులు, బావులు అందరికీ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది. మహద్ మునిసిపాలిటీ కూడా ఒప్పుకుంది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. నీళ్ల దగ్గర మాత్రం తెరుచుకోలేదు. 1927 మార్చి 20న ఆయన వేలమందితో నడిచివెళ్లి ఆ నీళ్లు తాగారు. చెరువు నీళ్లు తాగకపోతే చచ్చిపోతామని కాదు, మేమూ అందరిలాంటి మనుషులమేనని నిలబెట్టడానికి.

తర్వాత ఆయన అధ్యక్షతన రచించిన రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగం చూడండి. ప్రభుత్వ నిధులతో నడిచేవి గానీ, ప్రజల కోసం అంకితం చేసినవి గానీ అయిన బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, జనం కలుసుకునే బహిరంగ స్థలాల్లోకి కులం, మతం పేరుతో ఎవర్నీ అడ్డుకోరాదని అందులో ఉంది. గిఫ్ట్ డీడ్ చేసిన పార్కు అలా ప్రజలకి అంకితమైన స్థలం. దానికి గోడ కట్టి, గేటుకి తాళం వేసి, "ప్లాటు ఓనర్లకి మాత్రమే" అని బోర్డు పెడితే, బోర్డు మీద కులం పేరు ఉండకపోవచ్చు. లోపల ఎవరున్నారో, బయట ఎవరున్నారో చూస్తే తెలిసిపోతుంది.

ఇది వేరేవాళ్లకి చెప్పే నీతి మాత్రమే కాదు. మనలో ఉద్యోగాలొచ్చినవాళ్లు ఇవాళ వెంచర్లలో ప్లాట్లు కొంటున్నారు. కొనాలి, బాబాసాహెబ్ చదువుకోమన్నది ఊరి చివరే ఉండిపోవడానికి కాదు. కాని గేటు లోపలికి వెళ్లాక, ఆ తాళం మన చేతికి వచ్చాక, అవతలి పేట పిల్లల్ని చూసి మనం ఏం చేస్తాం? అక్కడ తెలుస్తుంది ఎవరు దీక్ష తీసుకున్నారో.

1943లో రానడే జయంతి సభలో బాబాసాహెబ్ చెప్పిన ఒక విషయం ఎప్పుడూ గుర్తుండాలి. హక్కుల్ని చట్టం ఒక్కటే కాపాడలేదు, సమాజంలో నీతి మేలుకుని ఉండాలి అన్నది దాని సారం. పార్కుకి చట్టం ఉంది, కోర్టు తీర్పు ఉంది, లాభం లెక్క కూడా ఉంది. ఈ మూడూ కాగితాలే. గేటు దగ్గర నిలబడే మనిషి లేకపోతే మూడూ బీరువాలో ఉంటాయి.

మేం రాసిన ఉత్తరం

మర్నాడు కమిటీ మళ్లీ కూర్చుంది. చాలాసేపు వాదించుకున్నాం. ఇద్దరు అలిగి వెళ్లిపోయారు కూడా. చివరికి ఒక ఉత్తరం రాశాం. విహారానికి స్థలం వద్దు. మా లెక్క నిజమే, చెట్లు ఉంచితే మీకే మేలు. కాని పార్కు జాగా మీరు పంచాయతీకి రాసిచ్చేశారు, అందులో క్లబ్ హౌసు గానీ ప్లాట్లు గానీ కుదరవు. పేట వైపు ఒక గేటు కావాలి. కాపీ పంచాయతీకి పంపించాం.

ఆయనకి కోపం వచ్చింది. "మీ మంచి కోసం చెప్తే" అని ఇంకేదో అన్నాడు. మిగిలిన కానుగలు కొట్టించేశాడు. రావిచెట్టు, ఒక వేప ఉన్నాయి. పార్కులో ప్లాట్లు పడలేదు. పేట వైపు గేటు చాలా నెలలకి పెట్టారు. అది కూడా పొద్దున, సాయంత్రం మాత్రమే తీస్తారు. మా విహారం ఇంకా రేకుల షెడ్డులోనే ఉంది. వానొస్తే ఇప్పటికీ పాలిథిన్ కప్పుతున్నాం. చందాలు పోగేస్తున్నాం, ఏదో ఒకరోజు ధర ఇచ్చి కొంటాం.

ఇలాంటిది మీ పేట దగ్గరా జరుగుతూ ఉండవచ్చు. చేయాల్సింది కష్టమేం కాదు. అప్రూవ్ అయిన లేఅవుట్ ప్లాను కాపీ సమాచార హక్కు కింద అడగండి. అందులో ఖాళీ జాగా ఎక్కడుందో, ఎన్ని గజాలో చూడండి. గిఫ్ట్ డీడ్ రిజిస్టరు అయిందో లేదో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీసి చూడండి. ప్లాట్లు అమ్ముడవక ముందే యజమానితో మాట్లాడండి, అమ్ముడయ్యాక ఆయన కనబడడు. లాభం లెక్క నిజాయితీగా, తక్కువేసి చెప్పండి. ఆయన వింటే సంతోషం. వినకపోయినా మన హక్కు తగ్గదు, ఎందుకంటే అది ఆయన లాభం మీద నిలబడి లేదు. లెక్కని ఆయన ముందు పెట్టండి, హక్కుని మాత్రం బేరంలో పెట్టకండి.

తమ్ముడు అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇంతే. లాభం చూపించి చెట్టుని కాపాడ్డం తప్పు కాదు, జేతుడి కథే సాక్ష్యం. కాని మనకి కూడా లాభం చూపించినప్పుడు ఏం చేశామన్నదే మన శీలం. ఆయన లోభం గురించి అడిగిన ప్రశ్న మన దగ్గరికే తిరిగొచ్చింది.

మొన్న సాయంత్రం మా పేట ఆడపిల్లలు నలుగురు రావిచెట్టు కింద తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. కొత్తగా వచ్చిన వాచ్‌మన్ వచ్చి, "ఏ ప్లాటమ్మా మీది?" అని అడిగాడు. పెద్ద పిల్లకి పదేళ్లుంటాయి. ఆట ఆపకుండానే, "ప్లాటు కాదండి, ఇది పంచాయతీ పార్కండి" అంది. వాచ్‌మన్ కాసేపు నిలబడి, ఆ నీడలోనే తనూ కూర్చున్నాడు.

జైభీమ్. నమో బుద్ధాయ.